అపార్ట్‌మెంట్‌లో 40 మీటర్ల మీద ఎస్9 రొద: క్యాన్సిలర్ కొనాలా?

నలభైమీటర్లు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నాది హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే అభిరుచి రేడియో). అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, పై అంతస్తులో షాక్ (రేడియో గది). టెర్రస్ మీద 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) కోసం ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారంలో కట్టిన డైపోల్ యాంటెన్నా) ఉంది. ఒక్కో కాలు 10 మీటర్లు, శిఖరం టెర్రస్ నుంచి 7 మీటర్ల ఎత్తు. కిందికి 25 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ (మధ్య తీగ చుట్టూ లోహపు జల్లెడ ఉండే యాంటెన్నా కేబుల్). రిగ్ (రేడియో సెట్) 100 వాట్లది, ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ రకం పవర్ సప్లై) మీద నడుస్తుంది. 7.050 నుంచి 7.150 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ పెట్టినా సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ఎస్9 దగ్గర నిలబడిపోతోంది, రాత్రీ పగలూ తేడా లేదు. 14 మెగాహెర్ట్జ్ మీద ఎస్7. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా కేబుల్‌కి ఎంత కుదిరిందో చెప్పే నిష్పత్తి, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 1.3 కాబట్టి యాంటెన్నాలో లోపం లేదనుకుంటున్నాను. నాయిస్ బ్లాంకర్ (చిటపట రొదను కోసేసే రిగ్ సర్క్యూట్) వేసినా తేడా లేదు. రెండో యాంటెన్నా పెట్టి ఫేజ్ తిప్పి రొదను కొట్టేసే క్యాన్సిలర్ కొందామని ఉంది. ఏది తీసుకోమంటారు? 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు)

ఎల్‌సీమీటర్

ఇప్పుడే ఏదీ వద్దు. క్యాన్సిలర్ ఒక చోటి నుంచి వచ్చే ఒక రొదను కొట్టేస్తుంది. మీ ఇంట్లోనే పదో పదిహేనో ఉంటాయి. ఒకదానికి ఫేజ్ కుదిర్చేసరికి పక్కది లేస్తుంది.

ముందు అసలు ఎంత తగ్గే వీలుందో లెక్క చూసుకోండి. ఐటీయూ-ఆర్ (అంతర్జాతీయ టెలికాం సంస్థ రేడియో విభాగం) పీ.372 సిఫారసులో మనుషులు పుట్టించే రొదకు సూత్రం ఉంది: నివాస ప్రాంతానికి 72.5 నుంచి, ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లలో తీసుకుని దాని లాగరిథమ్‌ను 27.7తో గుణించి తీసెయ్యాలి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 49 డీబీ (డెసిబెల్, బలాల నిష్పత్తికి కొలత). 2.4 కిలోహెర్ట్జ్ ఎస్ఎస్‌బీ (మాటలకు వాడే మోడ్) ఫిల్టర్‌కి సుమారు మైనస్ 91 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ). ఎస్9 అంటే మైనస్ 73, ఒక్కో ఎస్ యూనిట్ 6 డీబీ. కాబట్టి మామూలు నివాస ప్రాంతంలో ఎస్6 రావడం సహజమే. నగరం నడిబొడ్డుకి అదే సూత్రంలో 76.8 వేస్తే దాదాపు ఎస్7. పల్లెకి 67.2 వేస్తే ఎస్5. అంటే మీకు తగ్గించడానికి చోటున్నది 12 నుంచి 18 డీబీ. ఎస్1 వస్తుందని ఆశపెట్టుకుంటే మధ్యలోనే విసుగొస్తుంది.

ఇంకోటి. చాలా రిగ్గుల్లో ఎస్ మీటరు కింది సగం అబద్ధం, ఎస్5 కింద యూనిట్‌కి 2, 3 డీబీయే ఉంటుంది. అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తెలిసినంత మేరకు తగ్గించే మీట) నొక్కి చూడండి. 12 డీబీ నొక్కితే రెండు యూనిట్లు పడాలి, అంతకన్నా ఎక్కువ పడితే మీ మీటరు సాగదీసి చూపిస్తున్నట్టు.

కోయాక్స్‌కాకి

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, రేడియోలో ఇంటిదొంగను పట్టడం పది నిమిషాల పని. ఇలా చెయ్యండి.

రిగ్‌ని ఎస్ఎంపీఎస్ నుంచి తీసి 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టండి. వింటానికి 1 నుంచి 2 ఆంపియర్లే కావాలి, 7 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటలకు పైగా వస్తుంది. ల్యాప్‌టాప్, యూఎస్‌బీ తీగ, బయటి స్పీకరు అన్నీ పీకేయండి. ఏజీసీ (గెయిన్‌ని తనంతట తానే సర్దే సర్క్యూట్) మామూలుగా ఉంచి, ఏఎం మోడ్‌లో, ఎవరూ లేని ఒక ఫ్రీక్వెన్సీలో మీటరు రాసుకోండి. తర్వాత ఇంటి మెయిన్ ఆపండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. ఫ్యాన్లు, లైట్లు, మోడెం అన్నీ నడుస్తూనే ఉంటాయి, పైగా ఇన్వర్టర్ రొద కూడా తోడవుతుంది. ఇన్వర్టర్‌ని దాని ముందు స్విచ్‌తో కాదు, బ్యాటరీ తీగ తీసి ఆపండి. చాలా ఇన్వర్టర్లలో ముందు స్విచ్ ఆపినా, కరెంటు ఉన్నంతసేపూ చార్జర్ పనిచేస్తూనే ఉంటుంది.

రొద పడిపోతే మీ ఇంట్లోదే. ఎంసీబీలు ఒక్కోటీ వేస్తూ ఏ సర్క్యూట్‌తో లేస్తుందో చూడండి. పడకపోతే పక్కింటిదో, లిఫ్టుదో, వీధి లైనుదో.

నలభైమీటర్లు

చేశాను. అన్నీ ఉన్నప్పుడు ఎస్9. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపితే ఎస్8, అంటే 6 డీబీ మాత్రమే. మిగిలింది బయటిదే అనుకోవాలా? ఇంకో సంగతి: టెర్రస్ మీద ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర యాంటెన్నా తీసేసి 50 ఓముల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) బిగించి చూశాను. పూర్తి నిశ్శబ్దం. కాబట్టి కోయాక్స్ రొద మోయడం లేదు కదా?

కోయాక్స్‌కాకి

అక్కడే పప్పులో కాలేశారు. డమ్మీ లోడ్‌తో నిశ్శబ్దం వచ్చిందంటే కోయాక్స్ లోపలికి ఏదీ కారడం లేదని, కనెక్టర్లు బాగున్నాయని అర్థం. అంతవరకే. కోయాక్స్ జల్లెడకి లోపలి ముఖం వేరు, బయటి ముఖం వేరు, హెచ్ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) అవి రెండు వేర్వేరు తీగల కిందే లెక్క. బయటి ముఖం మీద పరిగెత్తే రొద ఫీడ్ పాయింట్ దాకా పోయి, అక్కడ జల్లెడకి తగిలించిన డైపోల్ కాలుతో కలిసి, లోపలికి దిగుతుంది. డమ్మీ లోడ్ పెట్టినప్పుడు ఆ కాలు లేదు గనక దారి లేదు.

మీ 25 మీటర్ల కోయాక్స్ అయిదో అంతస్తు గోడ వెంట, కరెంటు వైర్లు, ఇంటర్నెట్ తీగలు, డిష్ కేబుళ్ల మధ్యగా వస్తోంది. ఈ తోకంతా మీ యాంటెన్నాలో భాగమే. ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ (బయటి ముఖం మీది రొదను ఆపడానికి ఫెర్రైట్ రింగు మీద కోయాక్స్‌తో వేసే చుట్ట) ఉందా?

నలభైమీటర్లు

లేదు. సెంటర్ ఇన్సులేటర్‌కి కోయాక్స్ నేరుగా కలిపాను.

పాతవాల్వు

ఇంత రాద్ధాంతం ఎందుకు బాబూ. ఎనిమిది అడుగుల రాగి రాడ్ భూమిలో దించి, ఉప్పు, బొగ్గు వేసి, దాని నుంచి మందపాటి తీగ తెచ్చి రిగ్‌కి కట్టండి. మంచి ఎర్త్ లేకపోతే రొద పోదు. మా రోజుల్లో అదే మొదటి పని.

ఎల్‌సీమీటర్

పెద్దవారు, కాదనడానికి మొహమాటంగా ఉంది, కానీ ఈ విషయంలో ఒప్పుకోలేను. అయిదో అంతస్తు నుంచి భూమికి తీగ 15 మీటర్లకు పైనే. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 10.6 మీటర్లు. ఆ ఎర్త్ తీగ ఆర్ఎఫ్‌కి (రేడియో ఫ్రీక్వెన్సీకి) భూమి కాదు, ఇంకో యాంటెన్నా. అపార్ట్‌మెంట్ రొదంతా దాని మీద రిగ్ చాసిస్‌కి ఎక్కి వస్తుంది.

ప్రమాదం వేరే ఉంది. ఇంటి మూడో పిన్ను ఎర్త్ ఒకటి, మీరు దించిన రాడ్ ఇంకొకటి, రెండిటినీ కలపకపోతే పిడుగు పడ్డప్పుడో, లైన్‌లో ఫాల్ట్ వచ్చినప్పుడో రెండిటి మధ్య వందల వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా మీ రిగ్ లోపలి నుంచి పోతుంది. రాడ్ దించినా దాన్ని ఇంటి ఎర్త్‌తో మందపాటి రాగి తీగతో కలిపి తీరాలి. ఎర్త్ పని మనిషిని, పరికరాన్ని కాపాడటం. రొద తగ్గించడం దాని పని కాదు.

పాతవాల్వు

రాడ్‌ని ఇంటి ఎర్త్‌తో కలపాలన్నది సరే, ఒప్పుకుంటాను. నేల మీది ఇంట్లో కిటికీ పక్కనే రాడ్ ఉండేది కాబట్టి మాకు పనిచేసిందేమో. పై అంతస్తుకి వర్తించదు.

కోయాక్స్‌కాకి

సరే, చోక్ చుట్టడం రాస్తాను.

రింగు: ఎఫ్‌టీ240 సైజు, 31 మిక్స్ (ఫెర్రైట్ పదార్థం రకం). బయటి వ్యాసం 61 మిల్లీమీటర్లు, లోపలిది 35.5. 40, 20 మీటర్లకి ఇదే సరైనది. 43 మిక్స్ దొరికితే 14 పైన బాగుంటుంది, 7లో కాస్త తక్కువ. ఎరుపు రంగు టీ200-2 రింగు ఐరన్ పౌడర్‌ది, చోక్‌కి పనికిరాదు. చూడటానికి అలాగే ఉంది కదా అని అంటగట్టే అమ్మకందార్లున్నారు, చూసి కొనండి.

చుట్లు: ఆర్‌జీ-58తో 12. ఒక్కో చుట్టుకి 6.5 నుంచి 7 సెంటీమీటర్లు పడుతుంది, చివర్లతో కలిపి 1.2 మీటర్ల ముక్క చాలు. రింగు లోపలి నుంచి కేబుల్ ఎన్నిసార్లు పోయిందో అన్ని చుట్లు. బయట లెక్కపెడితే ఒకటి తప్పుతారు. బిగించి లాగకండి. ఫోమ్ ఇన్సులేషన్ ఉన్న కోయాక్స్‌తో అసలే వద్దు, ఎండకు మెత్తబడి మధ్య తీగ మెల్లగా జల్లెడ వైపు జరిగి ఒకరోజు షార్ట్ అవుతుంది. ఆర్‌జీ-400 దొరికితే అన్నిటికన్నా మేలు. మొదటి చుట్టు, చివరి చుట్టు పక్కపక్కన రాకుండా ఎదురెదురుగా వదలండి, లేకపోతే వాటి మధ్య కెపాసిటెన్స్ చోక్‌ని దాటేసి దారి ఇస్తుంది.

ఎక్కడ: ఒకటి ఫీడ్ పాయింట్ దగ్గరే, ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్‌లో. రెండోది కోయాక్స్ గదిలోకి వచ్చే చోట. మొదటిది రొద యాంటెన్నాలోకి దిగకుండా ఆపుతుంది, రెండోది గదిలోని చెత్త కోయాక్స్ మీద పైకి ఎక్కకుండా ఆపుతుంది.

నలభైమీటర్లు

కంప్యూటర్ కేబుళ్లకు తగిలించే నల్లటి క్లిప్ ఫెర్రైట్లు పది ఉన్నాయి. వరసగా కోయాక్స్ మీద బిగిస్తే అదే పని చెయ్యవా?

కోయాక్స్‌కాకి

చెయ్యవు. ఇంపెడెన్స్ చుట్ల వర్గం లెక్కన పెరుగుతుంది. ఒక క్లిప్ అంటే ఒక చుట్టు, 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని పదుల ఓములు. పది బిగిస్తే పదింతలు. ఒకే రింగులో 12 చుట్లు వేస్తే దగ్గరదగ్గర 144 రెట్లు (కెపాసిటెన్స్ వల్ల అంత రాదు, కానీ కొన్ని వేల ఓములు వస్తుంది). ఆ క్లిప్‌లు వీహెచ్ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ పైన) రొద కోసం చేసినవి. పెద్ద క్లిప్ అయితే అదే తీగను నాలుగైదు సార్లు చుట్టి మూయండి, అప్పుడు కాస్త ప్రయోజనం.

పాత టీవీల నుంచి పీకిన ఫెర్రైట్ అయితే ఏ మిక్సో తెలియదు. నానోవీఎన్ఏ (చిన్న ఆర్ఎఫ్ కొలత పరికరం) ఉంటే చోక్ జల్లెడని రెండు పోర్టుల మధ్య వరసలో పెట్టి ఎస్21 (మొదటి పోర్టు నుంచి రెండోదానికి ఎంత చేరిందో) చూడండి. మైనస్ 20 డీబీ అంటే 900 ఓములు, మైనస్ 30 అంటే 3,000 ఓములు. 7 దగ్గర మైనస్ 30 రానిది చోక్ అనుకోవద్దు.

స్విచ్చింగ్‌సప్లై (విజయవాడ)

చోక్ ఉన్నా మూలం కూడా తగ్గించాలి కదా. ఇళ్లలో మాటిమాటికీ దొరికేవి రాస్తాను.

ఎస్ఎంపీఎస్ అడాప్టర్లు. వాటర్‌ఫాల్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలముందో కాలంతో పాటు చూపే తెర బొమ్మ) 40 నుంచి 100 కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున గుబ్బల్లా, అంచులు మసకగా, వేడెక్కే కొద్దీ పక్కకి జరుగుతూ కనిపిస్తే అదే. ఫైబర్ మోడెం, సెట్‌టాప్ బాక్స్, సీసీ కెమెరాలు, వాటర్ ప్యూరిఫయర్ అన్నిట్లో ఉంటుంది. చౌకరకంలో ఇన్‌పుట్ దగ్గర కామన్ మోడ్ చోక్ చోటు ఖాళీగా, రెండు జంపర్ తీగలు వేసి ఉంటుంది. మోడెంకి 12 వోల్టులు 1 ఆంపియర్ కావాలంటే 0-15 వోల్టుల 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్ రెక్టిఫయర్, 4,700 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్, 7812 (12 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ) చాలు. ఐసీ మీద 8 వాట్ల దాకా వేడి, పెద్ద హీట్‌సింక్ వెయ్యండి. 

ఎల్ఈడీ బల్బులు. ఒకే కంపెనీ 9 వాట్ల బల్బుల్లోనే ఒకటి అరుస్తుంది, ఇంకొకటి అరవదు. డ్రైవర్ రకాన్ని బట్టి. లీనియర్ ఐసీతో ప్లేట్ మీదే డ్రైవర్ ఉన్నది రొద చెయ్యదు, స్విచ్చింగే లేదు గనక. చిన్న ఇండక్టర్ ఉన్నదే అనుమానితుడు. విప్పక్కర్లేదు: పాకెట్ రేడియో మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి బల్బుకి ఒక అడుగు దూరంలో ఉంచండి. కొనేముందు కొట్లోనే ఈ పరీక్ష చెయ్యొచ్చు.

ఫ్యాన్ రెగ్యులేటర్లు. ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్) తో నడిచే గుండ్రటి నాబ్ రకం 100 హెర్ట్జ్ బర్రుమనే చప్పుడిస్తుంది, ఫుల్ స్పీడ్‌లో తగ్గిపోతుంది. కెపాసిటర్ మార్చే మెట్ల రెగ్యులేటర్ వెయ్యండి, రొద శూన్యం. బీఎల్‌డీసీ ఫ్యాన్లు కరెంటు ఆదా చేస్తాయి గానీ ప్రతి దాంట్లో ఒక ఎస్ఎంపీఎస్, ఒక మోటార్ డ్రైవ్.

లైన్ ఫిల్టర్ కట్టుకునేవారికి హెచ్చరిక. అందులో వై కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఉంటాయి. 2.2 నానోఫారడ్ అయితే 230 వోల్టుల దగ్గర 0.16 మిల్లీఆంపియర్ లీకు, ఎర్త్ ఉంటే ఏమీ కాదు. కానీ మూడో పిన్నులో తీగే లేని సాకెట్లు మన ఇళ్లలో బోలెడు. అప్పుడు రిగ్ బాడీ 115 వోల్టుల దగ్గర తేలుతుంది, చెయ్యి పెడితే జివ్వుమంటుంది. ముందు ఎర్త్ ఉందో లేదో చూసి తర్వాతే ఫిల్టర్. ఎక్స్ కెపాసిటర్ (ఫేజ్, న్యూట్రల్ మధ్య ఉండేది) ఎక్స్2 ముద్ర, 275 వోల్టుల ఏసీ ఉన్నదే వాడండి. మామూలు డీసీ కెపాసిటర్ పేలుతుంది.

నలభైమీటర్లు

మూడు బల్బులు, మోడెం అడాప్టర్ దొరికాయి. ఒక్కో బల్బు మార్చి చూశాను, మీటరు కదల్లేదు. మళ్లీ పాతవే పెట్టేశాను.

ఎల్‌సీమీటర్

అయ్యో, పాతవి పెట్టకండి! అందరూ విసిగిపోయేది ఇక్కడే. ఒకే బలం ఉన్న పది రొదలున్నాయనుకోండి. ఒకటి తీస్తే తగ్గేది 0.5 డీబీ, మీటరుకి కనపడదు. అయిదు తీస్తే 3 డీబీ, అర యూనిట్. తొమ్మిది తీస్తే 10 డీబీ. ఆఖరి రెండు మూడు తీసినప్పుడే మీటరు సూది దభాలున పడుతుంది. మార్చింది మార్చినట్టే ఉంచి ముందుకు పోవాలి.

మీటరు వదిలేయండి. ఎస్‌డీఆర్ డాంగుల్‌తో (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) ఒకే గెయిన్, ఒకే వెడల్పు పెట్టి వాటర్‌ఫాల్ బొమ్మ తీసుకోండి, ప్రతి మార్పుకీ ఒకటి. గుబ్బల్లో ఏది మాయమైందో బొమ్మలో కనిపిస్తుంది, సూదిలో కనిపించదు.

సాగరతీరం (విశాఖపట్నం)

ఇంటిదంతా అయ్యాక బయటిది. లైను రొద ఎలా గుర్తుపట్టాలి: ఏఎం మోడ్‌లో 100 హెర్ట్జ్ గరగర, గుబ్బల్లేకుండా బ్యాండంతా సమానంగా. నాయిస్ బ్లాంకర్‌కి ఇది ఎంతో కొంత లొంగుతుంది. మీది లొంగలేదంటే ఎక్కువ భాగం లైనుది కాకపోవచ్చు.

స్తంభం మీద వదులైన బోల్టు, క్లాంపు మధ్య నిప్పురవ్వ అయితే వాన పడగానే తడికి సందు మూసుకుని ఆగిపోతుంది, ఎండగానే మళ్లీ మొదలు. మా తీరంలో ఇంకో రకం: ఇన్సులేటర్ల మీద సముద్రపు ఉప్పు పేరుకుని, తెల్లవారుజామున మంచుకి తడిసి చిటపటలాడుతుంది, గట్టి వాన కడిగేస్తే నెమ్మదిస్తుంది. ఏ వాతావరణంలో వస్తోందో వారం రాసిపెట్టుకోండి, సగం సమాచారం అక్కడే.

వెతకడానికి హెచ్ఎఫ్‌లో నడవకండి, తీగల వెంట కిలోమీటర్లు వినిపిస్తుంది, ప్రతి స్తంభమూ దొంగలాగే ఉంటుంది. 118 నుంచి 136 మెగాహెర్ట్జ్ ఏఎం వినే చేతి రిసీవర్‌కి మూడు ఎలిమెంట్ల చిన్న యాగీ (ఒక దిక్కు నుంచే గట్టిగా వినే యాంటెన్నా) కట్టండి. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ రొద ఎక్కువ దూరం పోదు, వినపడిందంటే దగ్గరికి వచ్చినట్టే. స్తంభాన్ని కొట్టడం, స్టే తీగ ఊపడం వద్దు. పైనున్నది 11 కేవీ.

దొరికాక 1912కి (కరెంటు ఫిర్యాదుల నంబరు) ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి. హామ్ రేడియోకి అడ్డమొస్తోందంటే అవతల అర్థం కాదు. స్తంభం మీద స్పార్క్ వస్తోందనండి, అది నిజం కూడా. రాత్రి పూట ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే పని త్వరగా అవుతుంది.

కొత్తకాల్‌సైన్

మధ్యలో అడ్డం వస్తున్నందుకు సారీ. పక్కింటి మేడ మీద సోలార్ పెట్టారు, ఉదయం ఏడు నుంచి సాయంత్రం దాకా రొద. వాళ్లతో గొడవ పడకుండా ఏం చెయ్యొచ్చు?

స్విచ్చింగ్‌సప్లై

పగలే ఉండి, మబ్బు కమ్మినప్పుడు మారితే ఇన్వర్టర్‌దే. ప్యానెళ్ల ప్లస్, మైనస్ తీగలు రెండు దారుల్లో పోతే పెద్ద లూప్ యాంటెన్నా తయారవుతుంది. వాళ్లు ఒప్పుకుంటే రెండిటినీ కలిపి కట్టించండి. ఇన్వర్టర్ దగ్గర రెండు తీగల్నీ కలిపి ఒకే రింగులో 31 మిక్స్ మీద అయిదారు చుట్లు. విడివిడిగా చుట్టొద్దు, డీసీకి ఫెర్రైట్ సంతృప్తమై పనిచెయ్యదు. కలిపి చుడితే రెండు డీసీలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పని ఇన్‌స్టాలర్ చేతే చేయించండి, ఎండలో ఆ తీగల మీద కొన్ని వందల వోల్టులుంటాయి, స్విచ్ ఆపినా ప్యానెల్ వైపు ఆగవు.

నలభైమీటర్లు

అప్‌డేట్. ఫీడ్ పాయింట్ చోక్, 12 చుట్లు, మైనస్ 31 డీబీ కొలిచాను. దాంతో ఒక్కసారే 7 డీబీ తగ్గింది. గది వైపు చోక్‌తో ఇంకో 2. బల్బులు, మోడెం, ఒక రెగ్యులేటర్ అన్నీ మార్చి అలాగే ఉంచాక మరో 5. ఇప్పుడు ఎస్7 కింద, మైనస్ 87 చూపిస్తోంది. మిగిలిన దాంట్లో లిఫ్ట్ కదిలినప్పుడల్లా లేచే రొద ఒకటి గట్టిగా ఉంది. ఇప్పుడైనా క్యాన్సిలర్ కొనొచ్చా?

ఎల్‌సీమీటర్

ఇప్పుడు కొనొచ్చు. మిగిలింది ఒక్క మూలం గనక దానికి తగిన పని దొరికింది.

రొద యాంటెన్నాని లిఫ్ట్ మెషిన్ రూమ్ దగ్గర పెట్టండి, రెండు మూడు మీటర్ల తీగ చాలు. అందులో రొద మెయిన్ యాంటెన్నాకి సమానంగానో ఎక్కువగానో రావాలి, స్టేషన్లు మాత్రం రాకూడదు. అవీ బలంగా వస్తే క్యాన్సిలర్ వాటినీ కొట్టేస్తుంది. ముందు రెండు గెయిన్లు సమానం చేసి, తర్వాత ఫేజ్ తిప్పి, లోయ (రొద అన్నిటికన్నా తగ్గే చోటు) దొరికాక మళ్లీ గెయిన్. లోయ చాలా సన్నగా ఉంటుంది, నాబ్ తొందరగా తిప్పితే దాటిపోతారు. బ్యాండ్ మారితే మొత్తం మళ్లీ.

పీటీటీ (మాట్లాడటానికి నొక్కే మీట) తీగ ముఖ్యం. క్యాన్సిలర్ రిగ్‌కీ యాంటెన్నాకీ మధ్య ఉంటుంది, ట్రాన్స్‌మిట్‌లో రిలే దాన్ని పక్కకి తప్పించాలి. రిలే ఆలస్యమై 100 వాట్లు లోపలికి పోతే ముందు పోయేది దాని ఎఫ్‌ఈటీలు (ట్రాన్సిస్టర్లు). రిగ్‌లో టీఎక్స్ డిలే (ట్రాన్స్‌మిట్ మొదలవడాన్ని కాస్త ఆలస్యం చేసే సెట్టింగ్) ఉంటే 15 నుంచి 20 మిల్లీసెకన్లు పెట్టండి. రొద యాంటెన్నా మీ డైపోల్‌కి దగ్గరైతే ట్రాన్స్‌మిట్‌లో దాని మీద కూడా వోల్టేజ్ వస్తుంది. ఆ ఇన్‌పుట్‌కి వెనుకా ముందూ రెండు 1ఎన్4148 డయోడ్లు వెయ్యండి.

కోయాక్స్‌కాకి

డయోడ్లు సరే, కానీ పక్కన మీడియం వేవ్ స్టేషన్ బలంగా ఉంటే అవే కలగలిపి కొత్త రొద పుట్టిస్తాయి. రెండేసి వరసలో వెయ్యండి. లిఫ్ట్ డ్రైవ్ దగ్గరికి మాత్రం మీరు పోకండి, సొసైటీ ద్వారా సర్వీస్ వాళ్లతో ఆ డ్రైవ్ ఇన్‌పుట్ ఫిల్టర్, మోటార్ కేబుల్ షీల్డ్ రెండు చివర్లా ఎర్త్ అయిందో లేదో చూపించండి. ఊడి ఉంటే బిగిస్తే క్యాన్సిలర్ డబ్బు మిగులుతుంది.

నలభైమీటర్లు

ఆదివారం లిఫ్ట్ సర్వీస్ ఉంది. షీల్డ్ సంగతి అడిగి, ముందూ తర్వాతా వాటర్‌ఫాల్ బొమ్మలు ఇక్కడే పెడతాను. 73